పళ్ళెంలో పాదాలు

అనంతపురం పాతూరులో బోరు మోటార్లు అమ్మే గురుమూర్తి సెట్టిని కిందటి వారం గార్లదిన్నె దగ్గరి మిషన్ ఆస్పత్రిలో, కుడికాలు దిండు మీద, మనసు అంగడి మీద పెట్టుకుని పడుకున్న మనిషిని పడుకున్నట్టే వదిలి వచ్చాం. ఈ వారమూ ఆయన అక్కడే ఉన్నాడు. బొటనవేలి కింద లేచిన పుండు, ఒంట్లోని చక్కెర దాన్ని మరీ తియ్యగా చూసుకుంటున్నందువల్ల, పొమ్మన్నా పోవడం లేదు. శనివారం పొద్దున పుండును లోతుగా కోసి శుభ్రం చేస్తే పాదం ఆయనకు దక్కుతుంది. అంతదాకా ఆ కాలు నేలకు ఆనించకుండా పడుకోవాలి. కాదని ఇంటికి పోతే ఆయన ఇల్లు చేరతాడు గానీ పాదం ఎక్కువ రోజులు ఆయన వెంట ఉండదు. డాక్టరమ్మ ఈ సంగతి మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి చెప్పింది. రెండుసార్లూ ఆయన తలే ఊపాడు, కాలు ఊపలేదు.

"కాలు నయమయ్యేదానికి కాలం పడుతుంది సెట్టిగారూ" అని కట్టు కట్టే సిస్టర్ మహేశ్వరి అంటే, "కాలం నా దగ్గర దండిగా ఉండాదమ్మా, కాలే ఒకటి తక్కువైతాంది" అన్నాడు.

పాదం కోసం వచ్చిన మనిషి వాదం పెట్టుకున్నాడు. మహేశ్వరి పొద్దునా సాయంత్రం కట్టు విప్పే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. చేతులు జోడించదు, పెదవులు కదపదు. అయినా ఎదుటివాడు తూకం వేసేటప్పుడు వేలు ఎక్కడ ఆనించాడో కనిపెట్టే కళ్ళు సెట్టివి.

"ఏమ్మా, మందు మీద నమ్మకం లేకనా, నీ చెయ్యి మీద నమ్మకం లేకనా, దేవుణ్ణి పిలుస్తాండావు?"

"ఆ రెండిటి మీదా ఉండాది. నా ఓపిక మీదే లేదు. మీరు ఇప్పుడు ఏదో ఒకటి అంటారని నాకు ముందే తెలుసు కదా."

నమ్మకం లేని చోట అమ్మకం ఉండదని వయసంతా తెలిసిన వ్యాపారి ఆయన. అయినా ఆ అమ్మాయి నమ్మకాన్ని మాత్రం రోజూ తక్కెడలో వేసి తూచాలనే చూశాడు. చివరికి పేరునూ వదల్లేదు. "మహేశ్వరి అని పార్వతమ్మ పేరు పెట్టుకోని చర్చికి పోతావు, ఇదేం లెక్క?" అన్నాడు. "మా అవ్వ పెట్టింది. మీకు గురుమూర్తి అని ఎవరు పెట్టినారో గానీ, సరిగ్గా పెట్టినారు. గురువుకు ఇంకొకరి మాట వినే పని లేదు" అంటూ ఆమె గాజుగుడ్డ కత్తిరించింది. ఆయన ఆ రోజంతా ఆ మాట తల్చుకుని నవ్వాడు. మజ్జిగ తెచ్చిన కొడుకు వంశీకృష్ణకు చెప్పి మళ్ళీ నవ్వాడు. వంశీ ఆయనకన్నా ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వు అప్పుడు ఆయనకు తేడాగా తోచలేదు.

గురువారం సాయంత్రం తోచింది.

ఈస్టరుకు ముందు గురువారం అది. ఏప్రిల్ ఎండ ఆస్పత్రి ఆవరణలో ఇంకా పడగ విప్పుకునే ఉంది. ఆవరణకు ఆ చివర ఉన్న చిన్న గుడిసంత చర్చిలోంచి హార్మోనియం, దాని వెనకే పాట వినిపిస్తున్నాయి. వార్డులో సెట్టి, పక్క మంచం మీద వేరుశనక్కాయల మిషన్లో చెయ్యి ఇరికించుకున్న మారెప్ప, ఇద్దరూ ఎవరి అవయవాన్ని వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. అప్పుడు వచ్చింది తిప్పమ్మ.

తిప్పమ్మ వార్డు ఆయా. ఉగాది వెళ్ళాక పనిలో చేరింది. మంచిది, మాట దాచుకోలేనిది. ఆ ఆస్పత్రి ఆనవాయితీలు ఆమెకింకా తెలియవు.

"మీరు ఈడ పండుకోని ఉండారా సెట్టిగారూ?"

"యాడ పండుకోమంటావు మరి?"

"ఆడ మీ కొడుక్కు కాళ్ళు కడుగుతాండారు."

"ఎవురు?"

"పాస్టరయ్య. ఇత్తడి పళ్ళెంలో పెట్టి కడుగుతాండాడు."

సెట్టి లేచి కూర్చున్నాడు. "ఎందుకు?"

తిప్పమ్మ ఆయన్ను జాలిగా చూసింది. "కాళ్ళు ఎందుకు కడుగుతారు సామీ, పిల్లనిచ్చేదానికి గాకపోతే."

మారెప్ప కట్టు ఉన్న చెయ్యితోనే గడ్డం గోక్కోబోయి ఆగాడు. "ఏ పిల్లను?" అన్నాడు.

"పాస్టరయ్యకు ఎంతమంది ఉండారప్పా, ఒక్కతే కదా. మన మహేశ్వరి సిస్టరమ్మ. తండ్రి పక్కనే నిలబడుకోని ఉండాది, తువ్వాలు పట్టుకోని. తెల్లబట్టల్లో."

"సిస్టరమ్మ రోజూ తెల్లబట్టలే గదా" అన్నాడు మారెప్ప.

"వాళ్ళల్లో పెండ్లికూతురు గూడా తెల్లబట్టలే కట్టేది" అంది తిప్పమ్మ.

దేవుడున్నాడని చెప్పే అమ్మాయిని పది రోజులుగా సాక్ష్యం తెమ్మని పీడించిన గురుమూర్తి, కొడుకు పెళ్ళి జరిగిపోతోందని నమ్మడానికి ఒక్క తిప్పమ్మతో సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకోవడమే కాదు, మిగతా సాక్ష్యాలన్నీ తనే సరఫరా చేశాడు. అంగట్లో ఇద్దరు పనివాళ్ళు ఉండగా మజ్జిగ చెంబు వీడే ఎందుకు మోసుకొస్తున్నాడు? పుండు గురించి తండ్రిని అడగకుండా సిస్టరును ఎందుకు అడుగుతాడు? "ఆ సిస్టర్ కట్టు బాగా కడుతుంది నాయనా" అన్నాడు మొన్న. కట్టు కట్టే పిల్లకు తాళి కట్టడానికి సిద్ధపడ్డాడన్నమాట. ఆ నవ్వు. ఆ నవ్వుకు ఇదీ అర్థం.

ఫోన్ తీసి, ఎప్పటిలాగే స్పీకరు పెట్టి భార్యకు కొట్టాడు. "నారాయణమ్మా, నీ కొడుక్కు పెండ్లి అయిపోతాంది."

"మనం లేకుండానా?" అంది నారాయణమ్మ.

"నేను ఉండా. ఆవరణకు ఈ చివర."

ఆమె ఏదో అడుగుతూ ఉండగానే ఫోనును చొక్కా జేబులో పడేశాడు. ఆపడం మరిచిపోయాడు. మారెప్ప మంచానికి ఆనించి ఉన్న చేతికర్ర లాక్కుని మంచం దిగాడు. చెప్పులు మంచం కింద ఎక్కడో దూరంగా ఉన్నాయి. వంగి వెతికే కాలం కాదు.

"సెట్టన్నా, నీ కాలు కింద పెట్టగూడదన్నారు" అన్నాడు మారెప్ప.

"ఇప్పుడు చూడాల్సింది నా కాలు కాదప్పా. నా కొడుకు కాలు."

కుంటుతూ, కర్ర పొడుచుకుంటూ, ఆవరణ అడ్డంగా కోసుకుని పోయాడు. కుడికాలి కట్టు మట్టి కొట్టుకుపోయింది. ఎడమ పాదం ఒట్టిదే, కంకర తేలిన, కాలిన నేల మీద టపటపమని పడుతోంది. వెనక తిప్పమ్మ, ఆమె వెనక మారెప్ప. దారిలో ఆగి ఉన్న ఆటో చూసి, డ్రైవర్ గంగప్ప కోసం చుట్టూ వెతికాడు. మనిషి లేడు. "వాణ్ణి గూడా పెండ్లికి పిలిచినారు" అనుకున్నాడు.

చర్చి గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. తిప్పమ్మ చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. వంశీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని కూర్చున్నాడు. పాస్టర్ ఇమ్మానుయేల్ అయ్య, అరవై దాటిన మనిషి, నేల మీద మోకరించి వంశీ పాదాన్ని ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. పక్కన మహేశ్వరి, భుజాన తువ్వాలుతో.

"ఆపండప్పా పెండ్లి" అన్నాడు గురుమూర్తి.

పాట ఆగింది. హార్మోనియం వాయించే ఆయన వేలు మాత్రం ఒక మెట్టు మీదే ఉండిపోయి, చర్చి అంతా ఒకటే స్వరం సాగుతూ వచ్చింది.

అందరూ ఆయన మొహం చూశారు. మహేశ్వరి ఒక్కతే కాలు చూసింది. "సెట్టిగారూ, ఆ కాలితో నడిచొచ్చినారా?" అని, తువ్వాలు తండ్రి భుజం మీద పడేసి ఉరికొచ్చింది. ఆయన చంక కింద చెయ్యి వేసి దగ్గరలో ఉన్న ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది. ముక్కాలిపీట లాగి కుడికాలు దాని మీదికి ఎత్తింది. "నొప్పి లేదు లేమ్మా" అని విదిలించుకోబోయాడు. "నొప్పి లేదంటే బాగుండాదని కాదు. మీ ఒంట్లో చక్కెర పాదాల నొప్పిని మింగేస్తాంది. మీకు తెలియదు, అంతే" అంది, నేల మీద కూర్చుని కట్టు చుట్టూ చేత్తో తడుముతూ.

"నా కాలు సంగతి తర్వాత. ఏం నాయనా వంశీ, ఏంది ఇది?"

"కాళ్ళు కడుగుతాండారు" అన్నాడు వంశీ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇప్పుడే నాయనా. పొద్దున నేనే కడుక్కున్నా."

"నువ్వు కడుక్కునే మాట నేను అడుగుతాండానా? పిల్లను ఎప్పుడు చూసుకున్నావు, ఎవరిని అడిగినావు? గంగప్పా, ఆటో తియ్యి. ఈ ఆస్పత్రిలో నాకొద్దు. కాలు బాగుచేస్తామని చేర్చుకోని కొడుకు కాళ్ళు కడుగుతారా?"

గంగప్ప వంశీ పక్క కుర్చీలోనే తడి పాదాలతో కూర్చుని ఉన్నాడు. లేవాలో వద్దో తెలియక పాస్టరు వైపు చూశాడు.

ఇమ్మానుయేల్ అయ్య చెంబు కింద పెట్టాడు. ఆయనకు సంగతి అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి కొంచెం సేపు పళ్ళెంలోకే చూశాడు. "సెట్టిగారూ, వరసలో మీ అబ్బాయి మూడో ఆయన. ముందు వాచ్‌మన్ ఆంజి కాళ్ళు కడిగినా. ఆ తర్వాత ఆటో గంగప్ప కాళ్ళు కడిగినా. వాళ్ళిద్దరికీ గూడా మా బిడ్డనే ఇచ్చినాననుకున్నారా?"

"నాకు ముగ్గురు పిల్లోళ్ళు అయ్యగారూ" అన్నాడు గంగప్ప గాభరాగా. "మా యామె విన్నిందంటే ఇంటికి రానీదు."

చర్చి పగిలిపోయినట్టు నవ్వారు. హార్మోనియం ఆయన ఇప్పటికి వేలు తీశాడు.

అప్పుడు ఇమ్మానుయేల్ అయ్య అందరికీ వినపడేట్టు చెప్పాడు. ప్రభువు పట్టుబడే ముందు సాయంత్రం తన శిష్యుల కాళ్ళు తనే కడిగాడు. ఆ కాలంలో ఆ పని పనివాడిది, పని చేసినవాడు గురువు. అందుకని ఈ ఆస్పత్రిలో ఏటా ఈ గురువారం డాక్టర్లు, సిస్టర్లు, పాస్టరు కలిసి పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. ఎవరని ఎంచరు. వాకిట్లో ఎవరు ఎదురైతే వాళ్ళు. ఈ రోజు మనుషులు తక్కువైతే, మందుల చీటీ పట్టుకుని పోతున్న వంశీని లోపలికి లాగారు.

తిప్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా ఊర్లో పెండ్లికొడుక్కు తప్ప ఎవరికీ కడగరు సామీ. నాకేం తెలుసు" అంది.

"నువ్వు చూసింది నిజమే తిప్పమ్మా" అన్నాడు పాస్టరు. "అర్థమే వేరే అయింది."

అంతటితో కథ సుఖంగా ముగియాలి. కానీ గురుమూర్తి మొహం మరింత ముడుచుకుంది. పెళ్ళి జరుగుతోందని వచ్చినప్పుడు కోపం ఒక్కటే ఉండేది. పెళ్ళి లేదని తెలిశాక సిగ్గు దానికి తోడైంది. ఊరందరి ముందు వాచ్‌మన్‌కు, ఆటోవాడికి నవ్వులాటైన మనిషి, రేపు పొద్దున ఇదే అమ్మాయికి కాలు చాపి ఏ మొహంతో పడుకుంటాడు? కోపంతో పోతే ఆయన తిరిగొచ్చేవాడేమో. సిగ్గు పట్టుకున్న మనిషిని ఆపడం కష్టం.

"సరేలేప్పా. అయినా ఆటో తియ్యి గంగప్పా. టౌన్లో చూపించుకుంటా."

"శనివారం దాకా ఆగలేరా?" అంది మహేశ్వరి. గొంతు మామూలుగానే ఉంది. వేళ్ళు మాత్రం కట్టు మీద నుంచి లేవలేదు. "ఈ మట్టితో ఇప్పుడు ఆటోలో కూర్చున్నారంటే ఈ పాదం నిలబడదు. మీ ఇష్టం కాదిది సెట్టిగారూ. లెక్క."

"లెక్కలు నాకు చెప్పొద్దమ్మా. తాగేదానికి ట్యాంకర్ నీళ్ళు తెప్పించుకునే తావు ఇది. ఆ నీళ్ళు కాళ్ళకు పోస్తాండారు. ఇదేం లెక్క? పొద్దున క్రిములని చెప్తావు, సాయంత్రం దేవుడని చెప్తావు. రెండిట్లో ఏది?"

ఆటో ఎక్కేవాడు ప్రశ్న అడగడు. అది ఆ చర్చిలో మహేశ్వరికీ పాస్టరుకూ ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ ఉన్న చోటి నుంచి కదల్లేదు.

"రెండూ" అంది ఆమె. "కాలు ఎందుకు కుళ్ళుతుందో క్రిములు చెప్తాయి. కుళ్ళిన కాలి ముందు, పైగా తిట్టే మనిషి కాలి ముందు, ఒక మనిషి ఎందుకు వంగాల, అది క్రిములు చెప్పవు."

"జీతం చెప్తుంది."

"జీతం నన్ను వార్డు దాకా తెస్తుంది. మంచం పక్కకు వచ్చినాక, చెయ్యి మెత్తగా పడాలనా, విసురుగా పడాలనా, జీతంలో ఆ తేడా లేదు."

"అట్లయితే రాత్రి డ్యూటీ నాగజ్యోతి సిస్టర్? ఆమె శనివారం వెంకటరమణస్వామికి ఒక్కపొద్దు. ఆమె చెయ్యి నీ చెయ్యి కన్నా మెత్తన."

"నిజమే" అంది మహేశ్వరి వెంటనే. "కట్టు విప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నా. మా దేవుణ్ణి నమ్మినవాళ్ళే మంచి నర్సులని నేను ఎప్పుడన్నా అన్నానా? నేను ఎందుకు చేస్తానో అడిగినారు. చెప్తాండా."

ఎదురుదెబ్బ వస్తుందని చూసిన సెట్టికి ఒప్పుకోలు రావడంతో ఊపు ఆగింది. కుర్చీలో సర్దుకున్నాడు. పోట్లాట పసందుగా ఉన్నప్పుడు వెళ్ళిపోవడం ఆయనకు చేతకాదు. పాస్టరు వైపు తిరిగాడు.

"ఆయన కాళ్ళు కడిగినాడు, బాగుండాది. మంచి మనుషులు మా వైపూ ఉండారు. చచ్చి మళ్ళీ లేచినాడంటారే, అది కట్టుకథ కాదని ఎట్లా?"

"మీ అంగటికి రైతు వస్తాడు" అన్నాడు ఇమ్మానుయేల్ అయ్య, నేల మీదే కూర్చుని. "బోరు వేసే ముందు ఏం చేయమంటారు?"

"పక్క చేన్లో నీళ్ళు ఎంత లోతులో పడినాయో చూడమంటా. రాయి ఎట్లా ఉండాదో చూసే మనిషిని పిలిపించమంటా."

"అదంతా చూసినాక నీళ్ళు పడేది ఖాయమా?"

"మోటారుకు గ్యారంటీ ఇస్తా గానీ నీళ్ళకు ఎవురిస్తారప్పా? చూడాల్సింది చూసి, ఆనక దించాల్సిందే."

"ఏమీ చూడకుండా దించేవాడు పిచ్చోడు. అంతా చూసి గూడా దించనోడికి ఎప్పటికీ నీళ్ళు లేవు. మేము గూడా చూసే దించినాం. సమాధి ఖాళీగా ఉండాదని ముందుగా చెప్పింది ఎవరనుకున్నారు? ఆడవాళ్ళు. ఆ కాలంలో ఆడవాళ్ళ సాక్ష్యానికి విలువ ఇచ్చేవాళ్ళు తక్కువ. కట్టుకథ అల్లేవాడు అట్లాంటి సాక్షుల్ని పెట్టుకుంటాడా?"

సెట్టికి ఈ సంగతి బాగా తెలుసు. పొలం గట్ల తగాదాల్లో ఎన్ని దొంగ సాక్ష్యాలు చూశాడు. "పెట్టడు. దొంగ సాక్షి కావాలంటే సర్పంచ్‌ను పెడతాడు, మేష్టరును పెడతాడు" అన్నాడు. అని, వెంటనే కళ్ళు మెరిశాయి. "అయితే ఒక మాట అయ్యగారూ. మా తిప్పమ్మ గూడా అబద్ధం చెప్పలేదు. కళ్ళారా చూసింది. చూసింది నిజం, అనుకున్నది తప్పు. ఆ ఆడవాళ్ళు గూడా ఒక తిప్పమ్మలైతే?"

చర్చిలో "ఆఁ" అన్నారు. సెట్టి గెలిచినట్టే ఉంది. ఇమ్మానుయేల్ అయ్య సంతోషంగా తల ఊపాడు, మంచి బేరగాడు దొరికిన దుకాణదారులాగా.

"ఆ ప్రశ్న అడగాల్సిందే. తిప్పమ్మ మాట తప్పని ఎట్లా తేలింది? మీరు లేచొచ్చి చూసినారు. ఆడవాళ్ళ మాట విని ఆ రోజు గూడా ఇద్దరు శిష్యులు ఉరికొచ్చి చూసినారు. ఇంకో సంగతి. ఈ మాట అబద్ధమైతే బాగుండునని కోరుకునే పెద్దలు ఆ ఊర్లోనే ఉండారు. శవాన్ని చూపించినారంటే ఆ పొద్దే మాట చచ్చిపోయుండు. చూపించలేదు. ముందు భయపడి పారిపోయిన శిష్యులే, ఆ తర్వాత చంపుతామన్నా ఆ మాట వదల్లేదు. ఇంత దాకా నేను చూపించగలను సెట్టిగారూ. ఆ చోటు దాకా తీసుకుపోతా. బోరు దించేది ఎవరి చేన్లో వాళ్ళే."

"ఒప్పుకోను" అన్నాడు గురుమూర్తి. "అయితే కొట్టిపారేయను గూడా. రాయి చూడకుండా దించినోళ్ళు కాదు మీరు. అంత మాత్రం ఒప్పుకుంటా."

"చాలు" అన్నాడు పాస్టరు.

"నాకు చాలదు" అంది మహేశ్వరి. "మీరు దేన్నీ ఒప్పుకోకపోయినా పర్వాలేదు, కాలు మాత్రం ఇచ్చిపోండి. నేను నమ్మేది మీరు నమ్మితేనే కట్టు కడతానని ఏ రోజన్నా అన్నానా? ప్రభువు కాళ్ళు కడిగిన వరసలో ఆయన్ను పట్టించబోయేవాడు గూడా కూర్చోని ఉండినాడు. నమ్మినవాడి కాళ్ళే కాదు సెట్టిగారూ, అమ్మినవాడి కాళ్ళు గూడా కడిగినాడు."

"తెలియకనా?"

"తెలిసే."

సెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె ఇంకా నేల మీదే ఉంది, ఆయన మట్టి కొట్టుకున్న కట్టు మీద చెయ్యి పెట్టుకుని. తెల్ల యూనిఫారానికి మట్టి అంటింది. ఇన్ని రోజులుగా కట్టు విప్పే ముందు ఆ అమ్మాయి ఒక్క క్షణం కళ్ళు ఎందుకు మూసుకుంటుందో ఇప్పుడు ఆయనకు తట్టింది. పుండును పక్కన పెట్టి మనిషిని చూడ్డానికి. ఆ మనిషి గురుమూర్తి అయినా సరే.

మోసం చేసినవాడి అంగటి మెట్టు కూడా జన్మలో ఎక్కనని ఒట్టు పెట్టుకున్న వ్యాపారికి, తెలిసి తెలిసి వాడి కాళ్ళు కడగడం లెక్కకు అందలేదు. లెక్కకు అందకపోయినా, అలాంటి చోట కాలు పెట్టి పడుకోవచ్చనిపించింది. కాలు అప్పగించాలంటే ఇంతకన్నా నమ్మకమైన చోటు ఏముంది?

"శనివారం పొద్దున ఎన్ని గంటలకమ్మా?" అన్నాడు.

మహేశ్వరి కళ్ళు తుడుచుకోలేదు, నవ్వలేదు. "ఎన్ని గంటలకైనా మీరు పరగడుపున ఉండాల" అంది. నర్సు ఆనందించే పద్ధతి అది.

అప్పుడు చొక్కా జేబు మాట్లాడింది.

"అయితే పెండ్లి లేదా?"

సెట్టి ఎగిరిపడ్డాడు. నారాయణమ్మ మొదట్నించీ వింటూనే ఉంది, జేబు గుడ్డలోంచి సగమే వినపడింది. జేబు దగ్గర వంగి పాస్టరయ్య మొత్తం మళ్ళీ మొదటి నుంచి ఆమెకు చెప్పవలసి వచ్చింది. కాళ్ళు కడగడం ఎందుకో, పన్నెండుమంది ఎవరో, తిప్పమ్మ ఏం చూసి ఏమనుకుందో. ఆమె ఊఁ కొట్టింది. "సరేలేయ్యా, ఆడ అందరికీ అర్థమైంది. నేను అప్పుడే గోడ మీదుగా మా చిన్నక్కకు చెప్పేసినాను. ఆమె ఊరంతా చెప్పుంటుంది. ఇంక ఊరందరికీ ఎవరు చెప్పాల?" అంది. వంశీ తలవంచుకుని ప్యాంటు మడత దించుకుంటున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. మహేశ్వరి అటు చూడలేదు.

"పన్నెండో కుర్చీ ఎవరిదప్పా?" అన్నాడు గురుమూర్తి, మాట మార్చడానికి.

"మీరు కూర్చున్నదే" అన్నాడు ఆంజి.

అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి సెట్టి అందరికన్నా ముందు నవ్వాడు. కుడికాలు పీట మీద ఉంది, దానికి నీళ్ళు తగలకూడదు. "ఎడమది ఖాళీగానే ఉండాది కదా. దానికి పొయ్యండి. నీళ్ళు మాత్రం కొంచెమే. ట్యాంకర్ వాడి మొహం నాకు తెలుసు" అంటూ కాలు చాపాడు.

ఇమ్మానుయేల్ అయ్య పళ్ళెం జరిపి ఆ పాదాన్ని రెండు చేతులతో అందులో పెట్టాడు. మహేశ్వరి పక్కన మోకరించి చెంబు అందుకుంది. పాట మళ్ళీ ఎత్తుకున్నారు.

"అయ్యగారూ, ముందే చెప్తాండా" అన్నాడు సెట్టి. "నాకు పిల్లనిస్తామంటే మా నారాయణమ్మ ఒప్పుకోదు."

"నాకు వినపడతాండాది" అంది జేబు.

గంగప్ప పొట్ట పట్టుకున్నాడు. తిప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మారెప్ప, నవ్వితే చెయ్యి కదులుతుందని, ఆ చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని మరీ నవ్వాడు. నీళ్ళు సెట్టి మడమ మీదుగా, అరికాలి కిందికి, పళ్ళెంలోకి జారాయి.

మహేశ్వరి చేతిలో చెంబు ఆగింది.

"నాయనా, ఇంక కడగొద్దు" అంది తండ్రితో నెమ్మదిగా. చెంబు పక్కన పెట్టి, సెట్టి పాదాన్ని పళ్ళెంలోంచి ఎత్తి, అరికాలు వెలుగు వైపు తిప్పింది. బొటనవేలితో ఒక చోట నొక్కింది. "ఇక్కడ ఏమన్నా తెలుస్తాందా సెట్టిగారూ?"

"ఎక్కడమ్మా?" అన్నాడాయన ఇంకా నవ్వుతూనే.

ఆమె మరో చోట నొక్కింది. "ఇక్కడ?"

"ఏమీ తెల్డంలేదే."

పాట ఒక్కొక్క గొంతుగా ఆగిపోయింది. గురుమూర్తి ముందుకు వంగి పళ్ళెంలోకి చూశాడు. ఇత్తడి మీద నీళ్ళు ఎర్రగా తిరుగుతున్నాయి. తల ఎత్తి వంశీ పాదాలు చూశాడు, గంగప్ప పాదాలు చూశాడు, చివరికి పాస్టరయ్య చేతులు చూశాడు.

"ఎవురికప్పా దెబ్బ తగిలింది?" అన్నాడు.